గాజు తొట్టిలో తాలిపేరు

జగదల్‌పూర్
ధాత సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ పంచమి

అల్లుడు గట్టయ్యకు మామ ఓదెలు దీవెనలు. ఈ ఉత్తరం ఎవరిచేతా రాయించలేదు, నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ. ఈ వంకర అక్షరాలే నీకు రేవు ఇసుకలో దిద్దించాను. బాసగూడలో నువ్వు తప్ప కాగితం చదివేవాడు లేడంటే అది నా చలవే.

నేను చేరాను. కలప లారీ మీద వచ్చేసరికి నా ఎముకలు ఒకదానికొకటి అంటకుండా పోయాయి. చేపలకు మాత్రం ఏమీ కాలేదు. కుండల మూతికి తడిబట్ట కట్టి దారంతా ఒళ్ళో పెట్టుకున్నాను. లారీ మీద కలప ఎక్కించే బిజ్జా నన్ను చూసి నవ్వాడు. "ఏంది తాతా, పసిపిల్లలనా తీస్కపోతున్నవ్?" అన్నాడు. "నీ పెళ్ళానికి కూడా నువ్వు ఇంత సేవ చేసి ఉండవురా" అన్నాను.

చలికాలంలో మన రేవు దగ్గర గుడారం వేసుకుని, పొద్దస్తమానం మడుగులోకి చూస్తూ కూర్చున్న దొరసాని గుర్తుంది కదా. ఆమె వరండాలో గాజు తొట్టి కట్టించింది. ఇనుప చట్రం, నాలుగు వైపులా గాజు, అతుకులకు తారు. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. అందులో మన తాలిపేరు ఏటిని ఉన్నదున్నట్టు పెట్టమంటుంది. "బుడ్ఢా, జైసా నదీ మే థా, వైసా హీ" అని ఒకటే మాట. పెట్టాను. ఇసుకను తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి పరిచాను. రాళ్ళు పేర్చాను. పొడుగాకు గడ్డిని వేళ్ళతో సహా నాటి, మీద గులకరాయి పెట్టాను, లేకపోతే తేలిపోతుంది.

చిక్కంతా చల్లదనంతోనే. పారే నీళ్ళలో పుట్టిన చేప నిలవనీళ్ళు వేడెక్కితే బతకదు. అందుకని వరండాకు వట్టివేళ్ళ తడక కట్టించి తడుపుతున్నాను. గాజుకు మూడు పక్కల తడి గోనె చుట్టాను. పైన చిల్లు కుండ వేలాడదీశాను, చల్లనీళ్ళు ఆగకుండా కారేటట్టు. ఆ ధార నేరుగా పడితే ఇసుక గుంట పడుతోంది. అందుకని ధార కింద మా నాయన బుట్ట కట్టి, దాని నిండా గులకరాళ్ళు పోశాను. నీళ్ళు దాని గుండా చినుకుల్లా దిగుతాయి. అవును, బుట్టను వెంట తెచ్చుకున్నాను. నేను లేనప్పుడు ఎవడో దాన్ని ముట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ బుట్ట నీళ్ళలో ముంచితే తప్ప ఏడాదికోసారి చేపల కోసం మడుగు తెరిచినట్టు కాదని ఇక్కడివాళ్ళకు కూడా చెప్పాను. దేవే అని నీళ్ళు మోసే మనిషి ఉంది, ఆమె నోరు తెరుచుకుని విన్నది.

వైశాఖం వెళ్ళాక మడుగు తెరిచేనాటికి నేను అక్కడ ఉంటాను. అందాకా నా వల నీ చేతిలో ఉంది, నా పేరు కూడా. ఇంకొన్ని చేపలు పంపు. గీతల పరిగెలు, ఇసుక దొందులు, రాతిని కరుచుకునే చేప. గడ్డి కూడా. నా బిడ్డ రామక్కను అడిగానని చెప్పు.

మామ ఓదెలు


బాసగూడ
ఫాల్గుణ బహుళ తదియ

మామకు గట్టయ్య దండాలు.

నీ ఉత్తరం రేవులో అందరికీ చదివి వినిపించాను. ఎముకల మాట దగ్గర నవ్వారు. రామక్క మాత్రం "గోనెలు తడుపుడు మంచిగనే ఉన్నది, తానం జేసి వేళకు తింటున్నడో లేదో గది రాయలే" అన్నది. కాబట్టి తిన్నదీ లేనిదీ రాయి.

చేపలు పంపుతున్నాను. తెల్లవారగానే హుంగా పెద్దతో కలిసి మడుగు పైనున్న రాళ్ళ ధారలోకి దిగాను. నువ్వు చెప్పినవి వలకు పడేవి కావు. రాయి ఎత్తి, రెండు చేతులూ గిన్నెలా పట్టి తీశాం. హుంగా పెద్దకు ఇది నచ్చలేదు. "కూరకు రాని చాపకు గింత పానం పెట్టుడేంది? మీ మామకు పట్నం పోంగనే మతి పోయిందా?" అని దారంతా గొణిగాడు. అయినా ఆయన పట్టినవే ఎక్కువ.

గడ్డిని మోదుగాకుల్లో చుట్టి, తడి బట్టలో కట్టాను. వేళ్ళకు మన ఏటి బురద కొంచెం వదిలేశాను, కడగకుండా నాటు.

మడుగు బాగా తగ్గింది. ఎండలు ఇలాగే ఉంటే ఈసారి తొందరగా తెరవాలంటున్నారు. నువ్వు వచ్చేదాకా ఎవరూ దిగరు. నీ వల రాత్రిపూట ఇంట్లోనే ఆరేస్తున్నాను, ఎలుకలు కొట్టకుండా.

నీ అల్లుడు గట్టయ్య


జగదల్‌పూర్
ఈశ్వర సంవత్సరం, చైత్ర శుద్ధ సప్తమి

గట్టయ్యకు.

నేను బాగానే తింటున్నాను. అది కాదు సంగతి.

నువ్వు పంపిన చేపలు చస్తున్నాయి. ఒకటీ రెండూ అయితే నేను రాయను. పొద్దున లేచి చూస్తే తెల్లటి పొట్టలు పైకి. దొరసాని కాఫీ కప్పు పట్టుకుని వచ్చి "క్యా హువా బుడ్ఢా, ఆజ్ భీ మర్ గయా?" అంటుంది. ఇవాళ కూడా చచ్చిందా అని, రోజూ అదే. ఆమె గొంతులో కోపం కూడా ఉండదు. కోపమైనా ఉంటే తిరిగి మాట్లాడేవాణ్ణి. తలవంచుకుని చచ్చిన చేపల్ని జల్లెడతో తీస్తున్నాను. తాలిపేరు నాకు తెలిసినట్టు ఎవడికీ తెలియదని ఈ బంగళాలో చెప్పుకున్నవాణ్ణి నేను.

చేయవలసినవన్నీ చేశాను. నీళ్ళు ఒక్కసారిగా మార్చడం లేదు. కొన్ని తీసి, కుండల్లో చల్లారిన నీళ్ళు కొన్ని పోస్తున్నాను. దొరసాని బిస్కెట్టు ముక్కలు వేస్తే ఆమె లోపలికి పోగానే తీసేస్తున్నాను. తొట్టిని తూర్పు ఎండ పొద్దున కాసేపే తగిలేటట్టు జరిపించాను. గడ్డి ఎంత పచ్చగా ఉందో తెలుసా? కొత్త ఆకు వేస్తోంది. రొయ్యపిల్లలు ఇసుక మీద హాయిగా తిరుగుతున్నాయి. చేప ఒక్కటే చస్తోంది.

ఎలా చస్తోందో కూడా చెబుతాను విను. నోరు తెరిచి నీళ్ళ పైకి వస్తుంది. ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుంది. తరువాత వెల్లకిలా పడుతుంది. ఈ చావు నాకు తెలియదా? మడుగు తెరిచిన రోజున బెరడు మందు తగిలిన చేప ఇలాగే తిరుగుతుంది. ప్రతి ఎండాకాలం నా చేతుల్లోనే చూశాను.

కాబట్టి అడుగుతున్నాను. చేతులు గిన్నెలా పట్టి తీశానని రాశావే, అది నిజమేనా? రాళ్ళు ఎత్తే ఓపిక లేక బెరడు దంచి నీళ్ళలో కలిపావా? నేను లేనని చూసి, బుట్ట కూడా లేకుండా మడుగు ముందుగానే తెరిచావా? మత్తు చేపను పంపి నన్ను ఈ పట్నంలో తలెత్తకుండా చేశావు. ఇదే మాట మొన్న లారీ దగ్గర బిజ్జాకు చెప్పాను. గట్టిగానే చెప్పాను. వాడు చెబితే చెప్పనీ.

ఓదెలు


బాసగూడ
చైత్ర బహుళ నవమి

మామకు దండాలు.

నీ మాట నీ ఉత్తరం కంటే ముందే వచ్చింది. బిజ్జా సంతలో చెప్పాడట. సంత నుంచి రేవుకు రావడానికి ఎంతసేపు? నేను ఇంట్లో వల బాగు చేసుకుంటూ ఉన్నాను. పెద్దలు పిలుస్తున్నారంటే సూది చేతిలో పట్టుకునే వెళ్ళాను.

హుంగా పెద్ద నా పక్షాన మాట్లాడాడు. "ఆ చాపలల్ల సగం నేను పట్టినయి. నా చేతుల్ల బెరడు వాసన ఉన్నదా? సూడుండ్రి" అన్నాడు. కాని మిగతావాళ్ళు, "ఓదెలు నోటి నుంచి వచ్చిన మాట. సొంత అల్లుని మీద ఊకెనే అంటడా?" అన్నారు.

వల తీసుకున్నారు. నీ వలే. సంగతి తేలేదాకా నేను నీళ్ళలోకి దిగకూడదు. మడుగు తెరిచేనాటికి తేలకపోతే నీ ఇంటి వంతు రేవులో వేరే ఇంటికి పోతుంది. అది మళ్ళీ రాదని నీకు తెలుసు.

నేను మడుగు తెరవలేదు మామా. బెరడు ముట్టుకోలేదు. ఇంతకు మించి ఎలా రాయాలో నాకు తెలియదు. అక్షరాలు నేర్పింది నువ్వే.

రామక్క నీకు ఏమీ చెప్పమనలేదు. నీళ్ళకు రేవుకు పోవడం మానేసింది. చెలమ నుంచి తెస్తోంది.

గట్టయ్య


జగదల్‌పూర్
వైశాఖ శుద్ధ చవితి

అల్లుడు గట్టయ్యకు దీవెనలు.

వల తీసుకుంటారని నేను అనుకోలేదు. నేనన్నది ఒక మాట, వాళ్ళు చేసింది ఇంకొకటి. ఆ రేవులో నన్ను అడగకుండా పనులు జరగడం ఎప్పటి నుంచి?

సరే. ఎవరి వల్ల ఏం జరిగిందో ఇప్పుడు తవ్వుకోవడం దేనికి? చేపలు చచ్చాయి, పోయాయి. కింది కాగితం పెద్దల ముందు చదువు. నా మాట కాబట్టి వింటారు.

"రేవు పెద్దలకు ఓదెలు చెప్పేది. నా అల్లుడు చేసిన దాన్ని నేను క్షమించాను. చిన్నవాడు. వల వాడికి ఇచ్చేయండి. ఇక ఈ మాట ఎత్తవద్దు."

రామక్కను రేవుకే పోయి నీళ్ళు తెచ్చుకొమ్మను. చెలమ నీళ్ళు మంచివి కావు.

ఇక్కడ ఎండ మండిపోతోంది. రోజంతా గోనెలు తడపడమే పని. దేవే ఇంద్రావతి నుంచి కొన్ని చేపలు తెచ్చింది. తొట్టి సంగతి మళ్ళీ రాస్తాను.

మామ ఓదెలు


బాసగూడ
వైశాఖ శుద్ధ త్రయోదశి

మామకు.

నువ్వు రాసింది రాసినట్టు చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. చదువుతున్నప్పుడే నా గొంతు నాకు ఎవరిదో అనిపించింది.

ఇదివరకు నన్ను అనుమానించని ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వాళ్ళు కూడా ఇప్పుడు తలలు ఊపారు. "చేసిండు గాబట్టే మామ క్షమించిండు" అన్నారు. హుంగా పెద్ద నా ముఖం చూసి లేచి వెళ్ళిపోయాడు. తన చేతులు కూడా అబద్ధమయ్యాయని ఆయన బాధ.

ఈసారి రామక్క మాట్లాడింది. రాయమంది, రాస్తున్నాను. "చెయ్యని దానికి క్షమించుడేంది? తప్పు జేసినోడైతే నేనే ఇంట్లకు రానియ్యకపోదును. మా నాయినకు ఏదో తెలిసింది. తెలిసి దాస్తున్నడు. తొట్టి సంగతి మళ్ల రాస్తనన్నడు సూడు, ఆడనే ఉన్నది."

నాకు అలా అడగడం చేతకాదు మామా. నీ బిడ్డ అడిగింది. తెలిసి ఉంటే చెప్పు. వైశాఖంలో ఇంక ఇరవై రోజులు కూడా లేవు.

గట్టయ్య


జగదల్‌పూర్
వైశాఖ బహుళ పాడ్యమి

గట్టయ్యా,

రామక్క అన్నది నిజం. పోయిన ఉత్తరం రాసేనాటికే నాకు తెలుసు.

దేవే తెచ్చిన ఇంద్రావతి చేపలు పొద్దున తొట్టిలో వదిలాం. మధ్యాహ్నానికి నోరు తెరిచి గుండ్రంగా తిరిగాయి. అదే చావు. అవి నీ చేతి చేపలు కావు. తాలిపేరు మొహం కూడా చూడనివి. నేను ముందు నీళ్ళ మీద అనుమానపడ్డాను, తరువాత తారు మీద, తరువాత దేవే కుండ మీద. నా మీద తప్ప అన్నింటి మీద అనుమానపడ్డాను. దేవే పైకి చూసి, "బాబా, వో టోక్రీ సే ఝాగ్ గిర్ రహా హై" అన్నది. బుట్ట నుంచి నురుగు పడుతోంది. చిన్న నురుగే. అది రోజూ పడేది. నీళ్ళు చినుకుల్లా దిగుతున్నాయి కాబట్టి నురుగు వస్తోందని నేను సరిపెట్టుకున్నాను.

మా నాయన బుట్ట. తాతల నాటి నుంచి మడుగు తెరవడానికి దంచిన బెరడు పోసి ముంచిన బుట్ట. దాన్ని కడగకూడదు. కడిగితే మరుసటి ఏడు మడుగులో చేప నిలవదని మన నమ్మకం. ఎన్ని ఎండాకాలాల బెరడు పిప్పి దాని అల్లికలో పట్టుకుని ఉందో. ఎండి కొయ్యలా అయింది కదా, ఇంక దానిలో ఏముంటుందని అనుకున్నాను. చిల్లు కుండ నీళ్ళు రోజంతా నానబెట్టాయి, ఆ పిప్పి కొంచెం కొంచెంగా తొట్టిలోకి దిగింది. నేను తెచ్చినవి కూడా అంతకుముందే పోయాయి, లారీ కుదుపు అనుకుని నీకు రాయలేదు. నీ చేపల్ని నేనే చంపాను. వాటిని చల్లగా ఉంచడానికి చేసిన పనితోనే చంపాను.

దేవే ఇంట్లో అలాంటి బుట్ట ఉంటే ఎవరూ దాన్ని నీళ్ళ మీద కట్టరు. బంగళా వాళ్ళకు అలాంటి బుట్టే ఉండదు. నేను కట్టాను. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడగాలని, నేను చెప్పాలని కట్టాను. ధార విరగడానికి చిల్లుల పళ్ళెం ఒకటి వంటింట్లో ఉంది. నాకు అది కనబడుతూనే ఉండేది.

బుట్ట దించి పాకలో పెట్టాను. ఇసుక అంతా తీసి కడిగి ఎండబెట్టాను. నీళ్ళన్నీ పారబోశాను. గడ్డి మాత్రం అలాగే ఉంచి కొత్త నీళ్ళు పోశాను. దొరసానికి చెప్పాను. చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆమె విన్నది, "అచ్ఛా? చలో, కోయీ బాత్ నహీ, దూసరీ లాయేంగే" అని లోపలికి పోయింది. ఆమెకు అంతే. వేరే చేపలు వస్తాయి. నేను అక్కడే నిలబడ్డాను, నీ వల పోయినదాని గురించి ఆమెకు చెప్పాలా అని. చెప్పలేదు.

ఆ రోజే నీకు ఉన్నది ఉన్నట్టు రాయవలసింది. కాగితం ముందు పెట్టుకుని, క్షమించాను అని రాశాను. అది రాసేటప్పుడు ఒక్క మాట కూడా కొట్టివేయలేదు. అది ఎక్కువ సిగ్గు. నీవల్ల నా తల వంగిందని నింద వేసినవాణ్ణి, నావల్ల నీ తల వంగితే నిన్ను చిన్నవాడన్నాను.

ఇది పెద్దల ముందు చదువు. "గట్టయ్య మడుగు తెరవలేదు. బెరడు ముట్టలేదు. హుంగా చేతులు శుభ్రం. చేపల్ని చంపింది ఓదెలు. అల్లుడి మీద వేసిన నింద తప్పు, క్షమించానని రాసింది అంతకంటే తప్పు. వల గట్టయ్యది."

రామక్కకు వేరుగా చదువు. మెల్లగా చదువు.

ఓదెలు


బాసగూడ
వైశాఖ బహుళ అష్టమి

మామకు దండాలు.

ఉత్తరం అందగానే ఒకసారి చదువుకున్నాను. తరువాత రేవుకు వెళ్ళి చదివాను.

నమ్మలేదు మామా.

నేను చదవడం పూర్తయ్యాక ఎవరో అన్నారు, "కాయితంల ఏమున్నదో నీకే ఎరుక. సదివేటోడివి నువ్వే, బయటపడేటోడివి నువ్వే." ఇంకొకరు కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూశారు. మొన్న నన్ను దోషిని చేసిన కాగితం చదివింది కూడా నేనే. అప్పుడు ఎవరూ ఈ మాట అనలేదు.

హుంగా పెద్ద నమ్మాడు. బుట్ట సంగతి వినగానే నోటి మీద చేయి పెట్టుకున్నాడు. కాని ఆయన కూడా ఇందులో ఉన్నవాడే కదా, ఆయన మాట చెల్లదన్నారు.

బిజ్జా చేత చెప్పిస్తావేమోనని చూశాను. లారీ వచ్చింది. వాడికి నువ్వు ఏమీ చెప్పలేదన్నాడు.

రామక్కకు వేరుగా చదివాను, మెల్లగానే చదివాను. ఏడవలేదు. "నింద నోటితోని ఏసిండు. తప్పు కాయితంతోని ఒప్పుకుంటే ఎట్ల?" అన్నది. నీకు ఇష్టమని ఇప్పపూలు ఎండబెడుతోంది, అది మాత్రం నేను చెప్పాననకు.

అమావాస్య మరునాడు మడుగు తెరుస్తారు.

గట్టయ్య


జగదల్‌పూర్
వైశాఖ బహుళ ద్వాదశి

గట్టయ్యా,

ఈ ఉత్తరం నాకంటే ఒక్క రోజు ముందు వస్తుంది. బుట్ట తీసుకుని రేపటి లారీకి ఎక్కుతున్నాను.

బిజ్జాకు ఎందుకు చెప్పలేదంటావా? చెప్పాలనే లారీ దగ్గరికి వెళ్ళాను. వాడు "ఏంది తాతా, మల్ల ఎవర్ని తిట్టాలె?" అని నవ్వాడు. కలప ఎలా ఉందని అడిగి తిరిగి వచ్చాను. నింద వేసిన చోటే నిలబడి, అదే మనిషికి, ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాను. కాగితం మీదైతే ఎవరి కళ్ళూ కనబడవు. రామక్క అది పట్టుకుంది.

తొట్టిని దేవేకు అప్పగించాను. గోనె ఎప్పుడు తడపాలో, గడ్డి ముదిరిన ఆకు ఎక్కడ తుంచాలో, నీళ్ళు ఎంత తీసి ఎంత పోయాలో చూపించాను. ఇప్పుడు చిల్లుల పళ్ళెం గుండా ధార పడుతోంది. కొత్తగా వేసిన పరిగెలు గడ్డిలో దూరి తిరుగుతున్నాయి. బాగున్నాయి. చూస్తూ నిలబడటానికి నాకు మనసు రావడం లేదు.

నువ్వు నాకోసం లారీకి ఎదురుగా బీజాపూరు దాకా రావద్దు. పెద్దలందరినీ రేవుకు పిలువు. హుంగాను ముందు కూర్చోబెట్టు. బిజ్జాను కూడా లారీ దిగగానే నావెంట తీసుకువస్తాను, వాడికి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం వాడూ వినాలి. రామక్కను రమ్మను. రానంటే బతిమాలకు.

నేను అందరి ముందూ చెబుతాను. నాకు మాట తడబడవచ్చు, ఆగవచ్చు. నువ్వు జాలిగుండెవాడివి, నీ సంగతి నాకు తెలుసు. నేను చెప్పేటప్పుడు మధ్యలో "పోనీలే మామా" అనకు. చివరిదాకా చెప్పనీ.

ఓదెలు